అధ్యక్ష తరహా పాలన వస్తే రిసార్టు రాజకీయాలు ఆగుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. "రాష్ట్రపతి ఎలాగూ రబ్బరు స్టాంపే. ప్రధాని అయినా ముఖ్యమంత్రి అయినా తమ సభ్యులు ఎప్పుడు జారిపోతారో అన్న టెన్షన్‌తోనే కాలం గడుపుతున్నారు. బెంగళూరు చుట్టుపక్కల రిసార్టుల్లో ఎమ్మెల్యేల్ని దాచడం చూసీ చూసీ విసుగొచ్చింది. అమెరికాలోలా, శ్రీలంకలోలా అధ్యక్షుణ్ణి ప్రజలే ఎన్నుకుని, అయిదేళ్లు ఎవరూ కదపలేని అధికారం ఇస్తే ఈ గొడవ పోదా? రాజ్యాంగాన్ని అలా మార్చవచ్చా? మా అపార్ట్‌మెంట్‌లో కొందరు దీని కోసం ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరిస్తున్నారు. నేనూ పెట్టాలా?"

నాది హిందూపురం. 1984లో లా చదవడానికి బెంగళూరు వచ్చాను. చదువయ్యాక ఇక్కడి హైకోర్టులోనే ముప్పై అయిదేళ్లకు పైగా ప్రాక్టీసు చేశాను. మధ్యలో కొన్నేళ్లు సాయంకాలం లా కాలేజీలో రాజ్యాంగం పాఠం చెప్పాను. మీరు అడిగింది ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. నా జవాబు అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే. అధ్యక్షుడికి అధికారం పెంచితే మీరు చెప్పిన జబ్బు తగ్గదు. జబ్బు చట్టసభలో ఉంది కాబట్టి మందు అక్కడే వేయాలి.

ముందు ఆ రబ్బరు స్టాంపు సంగతి చూద్దాం. రాజ్యాంగం 53వ అధికరణ చదివితే దేశ కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదే అనిపిస్తుంది. 74వ అధికరణకు వచ్చేసరికి ఆయనకు సలహా ఇవ్వడానికి ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉంటుందని ఉంటుంది. ఆ సలహా పాటించి తీరాలా అన్నది 1950లో రాసిన మాటల్లో స్పష్టంగా లేదు. బాబూ రాజేంద్రప్రసాద్‌కు ఆ అనుమానం గట్టిగానే ఉండేది. 1951లో హిందువుల పెళ్లి, వారసత్వ చట్టాలు మార్చే హిందూ కోడ్ బిల్లు విషయంలో తన సొంత విచక్షణ ప్రకారం నడుచుకుంటానని ఆయన నెహ్రూకు రాశారు. నెహ్రూ ఇద్దరిని అడిగారు. ఒకరు అటార్నీ జనరల్ సెతల్వాడ్, మరొకరు మన నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి మద్రాసులో పేరు తెచ్చుకున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. రాష్ట్రపతి మంత్రుల సలహా మేరకే నడవాలని ఇద్దరూ చెప్పారు. 1974లో షంషేర్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాట చెప్పింది. 1976లో 42వ సవరణ దాన్ని రాజ్యాంగంలోనే రాసేసింది. 1978లో 44వ సవరణ చిన్న వెసులుబాటు ఇచ్చింది. ఒకసారి "మళ్లీ ఆలోచించండి" అని రాష్ట్రపతి వెనక్కి పంపవచ్చు, రెండోసారి వస్తే మాత్రం ఒప్పుకోవాలి.

ఆ ఒక్కసారి వెనక్కి పంపడాన్ని తక్కువగా చూడకండి. 1997లో ఉత్తరప్రదేశ్‌లో, 1998లో బీహార్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని కేంద్రం పంపిన సిఫార్సుల్ని కె.ఆర్. నారాయణన్ వెనక్కి పంపారు. ఇక 1975 జూన్ 25 రాత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ కాగితం మీద సంతకం పెట్టే సమయానికి కేబినెట్ సమావేశమే జరగలేదు. మంత్రుల్ని కూర్చోబెట్టింది మర్నాడు పొద్దున. అందుకే 44వ సవరణలో, కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా అందితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించకూడదని చేర్చారు. రాజ్యాంగ సంస్కరణ అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చిన్న వాక్యం. ఎక్కడ చిల్లు పడిందో చూసి సరిగ్గా అక్కడే కుట్టు వేశారు.

మంత్రుల సలహా ప్రకారం నడవడం సరే, అసలు మంత్రిమండలికే సభలో బలం ఉందో లేదో తెలియనప్పుడు ఏం చేయాలి? రాష్ట్రపతి చేతిలోకి నిజమైన అధికారం వచ్చేది అప్పుడే. దీనికి 1979ని మించిన ఉదాహరణ లేదు. ఆ నిర్ణయం తీసుకున్నది మా అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. ఆయన ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, రెండుసార్లు లోక్‌సభ స్పీకర్. సభ అంటే ఏమిటో ఆయనకంటే తెలిసినవాళ్లు తక్కువ.

1979 జులై 15న ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. జనతా పార్టీ చీలిపోయింది. ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో తేల్చడానికి సంజీవరెడ్డి గారు మొరార్జీనీ, పార్టీ వీడిన చరణ్ సింగ్‌నూ జాబితాలు అడిగారు. పేర్లు లెక్కపెట్టారు. ఒకే పేరు రెండు జాబితాల్లోనూ ఉందన్న గొడవలు లేచాయి. చివరికి చరణ్ సింగ్‌ను పిలిచి, ఆగస్టు మూడో వారంలోగా లోక్‌సభలో విశ్వాసం నిరూపించుకోమని చెప్పి, జులై 28న ప్రమాణం చేయించారు. ఇందిరాగాంధీ పార్టీ మద్దతు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 20న చరణ్ సింగ్ సభ ముఖం చూడకుండానే రాజీనామా చేసి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా పార్టీ నాయకుడైన జగ్జీవన్ రామ్ తనకు ఒక అవకాశం ఇవ్వమని అడుగుతున్నారు. ఇవ్వలేదు. ఆగస్టు 22న లోక్‌సభ రద్దయింది. విశ్వాసం ఒక్కసారి కూడా నిరూపించుకోని ప్రధాని 1980 జనవరి దాకా ఆపద్ధర్మంగా కొనసాగారు.

ఆ వార్త రేడియోలో విన్న రోజు మా నాన్న, "ఆయన మనవాడే గదా, ఆ జగ్జీవన్ రామ్‌ను ఒక్కసారి సభలో నిలబడనిచ్చుంటే ఏం పోయేది?" అని చాలా బాధపడ్డారు. మా ఇంట్లో సంజీవరెడ్డి గారంటే అంత గౌరవం ఉండేది. నాకూ ఉంది. 1996 జూన్‌లో ఆయన కన్నుమూసింది ఈ బెంగళూరులోనే. కల్‌పల్లి శ్మశానంలో ఆయన సమాధి ఉంది. నేను ఒకసారి వెళ్లి చూసి వచ్చాను. ఆయన నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. ఆ నిర్ణయం మాత్రం తప్పని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను. బలం ఎవరికుందో 500 మందికి పైగా ఉన్న సభ ఒక పూటలో తేల్చగలిగేది. ఆ పని రాష్ట్రపతి భవన్‌లో ఒక బల్ల మీద, కాగితాల మీద జరిగింది. ఆ అయిదు వారాల్లో రాష్ట్రపతి రబ్బరు స్టాంపు కాదు, దేశంలో అందరికంటే శక్తిమంతుడు. ఆ శక్తి ఎవరూ ఆయనకు ఇచ్చింది కాదు. సభ నోరు తెరవకపోవడం వల్ల వచ్చి చేరింది.

నేను మీకు చెప్పదలచుకున్న అసలు విషయం ఇదే. సభ మాట్లాడని చోట రాష్ట్రపతో గవర్నరో మాట్లాడతారు. ఆ మాటను ప్రశ్నించే వీలు ఓటేసిన మనకు ఉండదు.

ఇదే కథ మన బెంగళూరులో పదేళ్ల తర్వాత నా కళ్లముందు జరిగింది. 1989 ఏప్రిల్. నేను అప్పటికి కొత్త జూనియర్‌ని. హైకోర్టు ఎర్రభవనం మెట్ల మీద నిలబడితే రోడ్డుకు అవతల విధానసౌధ. జనతాదళ్ ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై మీద తిరుగుబాటు. మొలకేరి అనే ఎమ్మెల్యే 19 మంది పేర్లతో, మద్దతు ఉపసంహరిస్తున్నామనే లేఖలు తెచ్చి గవర్నర్‌కు ఇచ్చారు. గవర్నర్ కూడా మన తెలుగువారే, కర్నూలు జిల్లా నుంచి వచ్చిన పెండేకంటి వెంకటసుబ్బయ్య గారు. ఆ 19 మందిలో ఏడుగురు మర్నాడో మూడోనాడో, మా సంతకాలు మోసంతో తీసుకున్నారు, మేం బొమ్మైతోనే ఉన్నాం అని రాసిచ్చారు. వారం రోజుల్లో సభ పిలుస్తాం, బలం అక్కడే నిరూపించుకుంటాం అని బొమ్మై చెప్పారు. గవర్నర్ వినలేదు. ఢిల్లీకి నివేదిక వెళ్లింది. ఏప్రిల్ 21న ప్రభుత్వం రద్దయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఆ మధ్యాహ్నం బార్ అసోసియేషన్ గదిలో మా సీనియర్ తెల్లకాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఒకవైపు 19 అని రాసి, దాన్ని కొట్టేసి 12 అని రాశారు. "ఈ లెక్క మనం ఇక్కడ చేస్తున్నాం, గవర్నర్ రాజ్‌భవన్‌లో చేస్తున్నారు. చేయాల్సింది మాత్రం ఆ భవనంలో" అని కిటికీలోంచి విధానసౌధ చూపించారు. నాకు రాజ్యాంగం అర్థమైంది ఆ రోజే అనుకుంటాను.

బొమ్మై మా హైకోర్టుకు వచ్చారు, ఓడిపోయారు. సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల తీర్పు 1994 మార్చి 11న వచ్చింది. ప్రభుత్వానికి బలం ఉందా లేదా తేల్చే చోటు సభే, గవర్నర్ అభిప్రాయం కాదు అని అది చెప్పింది. రాష్ట్రపతి పాలన ప్రకటనను కోర్టులు పరిశీలించవచ్చని, పార్లమెంటు ఉభయసభలూ ఒప్పుకునేదాకా అసెంబ్లీని రద్దు చేయకూడదని కూడా చెప్పింది. కర్ణాటకలో జరిగింది రాజ్యాంగ విరుద్ధమన్నది. బొమ్మైకి కుర్చీ తిరిగి రాలేదు, అప్పటికే అయిదేళ్లు గడిచిపోయాయి. ఆ తర్వాత వచ్చిన ముఖ్యమంత్రులందరికీ మాత్రం ఆ తీర్పు కాపలా కాసింది.

తెలుగువాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తీసేసినప్పుడు ఆయన తన ఎమ్మెల్యేల్ని వెంటబెట్టుకుని రాష్ట్రపతి జైల్ సింగ్ ముందుకు వెళ్లాల్సి వచ్చింది. ప్రజలు ఎన్నుకున్నవాళ్లు తలలు లెక్కించుకోమని ఢిల్లీలో వరుసగా నిలబడటం కంటే అవమానం ఏముంది? నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, నిజమే. అందుకు కారణం జనం వీధుల్లోకి రావడం. అప్పట్లో ఆయన్ను కాపాడే తీర్పు ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు మీరు చూసి విసిగిన 2018, 2019 సంగతులకు వద్దాం. 2018 మేలో కర్ణాటకలో మెజారిటీకి తక్కువగా 104 సీట్లు వచ్చిన పార్టీ నాయకుణ్ణి పిలిచి, బలం చూపడానికి గవర్నర్ పదిహేను రోజుల గడువు ఇచ్చారు. ఆ పదిహేను రోజులూ రిసార్టుల రోజులే అయ్యేవి. సుప్రీంకోర్టు అర్ధరాత్రి దాటాక కూర్చుని విన్నది, ఆ తర్వాత గడువును మే 19 సాయంత్రానికి తగ్గించింది. ఓటింగు జరగకముందే ఆ ముఖ్యమంత్రి రాజీనామా చేశారు. సభ తొందరగా తలుపు తెరిస్తే బేరాలకు టైమ్ ఉండదు. మీరు కోరేదీ అదే కదా?

2019 కథ వేరు. అప్పుడు బొమ్మై తీర్పు అడ్డం పడలేదు. 17 మంది ఎమ్మెల్యేలు రాజీనామాలు, గైర్హాజరు దారి పట్టారు. జులై 23న ప్రభుత్వం 99-105తో ఓడిపోయింది. స్పీకర్ వాళ్లను అనర్హులుగా ప్రకటించారు. సుప్రీంకోర్టు ఆ అనర్హతను సమర్థించి, మళ్లీ పోటీ చేయడానికి మాత్రం వీలిచ్చింది. డిసెంబరు ఉప ఎన్నికల్లో వాళ్లలో చాలామంది గెలిచి వచ్చారు. ఇక్కడ చిల్లు ఫిరాయింపుల చట్టంలో ఉంది. 1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, విప్, అంటే పార్టీ ఆదేశం, ధిక్కరించి ఏ బిల్లు మీద ఓటేసినా సభ్యత్వం పోవచ్చు. రోడ్ల బిల్లు కావచ్చు, పాఠశాలల బిల్లు కావచ్చు, సభ్యుడు తన నియోజకవర్గం మాట చెప్పినా ఓటు మాత్రం పార్టీ చెప్పిన వైపే వేయాలి. అలా ఏడాది పొడవునా విలువలేని ఓటుకు, ప్రభుత్వం పడిపోయే ఒక్క రోజున మాత్రం ఎక్కడలేని విలువ వస్తుంది. రిసార్టు గదులు నిండేది ఆ ఒక్క రోజు కోసం.

అధ్యక్ష తరహాలో ఆ ఒక్క రోజు ఉండదు కదా అంటారు మీ స్నేహితులు. నిజమే, అక్కడ బేరం రోజూ ఉంటుంది. అధ్యక్షుడికి చట్టం కావాలన్నా బడ్జెట్ కావాలన్నా సభ ఒప్పుకోవాలి. బ్రెజిల్ అధ్యక్ష తరహా దేశమే. ప్రభుత్వానికి అనుకూలంగా ఓటేయడానికి ఎంపీలకు నెలనెలా డబ్బులిచ్చిన కుంభకోణం అక్కడ 2005లో బయటపడింది. దాని పేరుకు అర్థమే నెలసరి ముడుపు. 2012లో అక్కడి సుప్రీంకోర్టు పలువురు పెద్దల్ని దోషులుగా తేల్చింది. ఇజ్రాయెల్ ఇంకో ప్రయోగం చేసింది. చిన్న పార్టీల బేరాలు తగ్గుతాయన్న ఆశతో 1996 నుంచి ప్రధానిని ప్రజలే నేరుగా ఎన్నుకునే పద్ధతి పెట్టింది. జనం ప్రధాని ఓటు ఒక పెద్ద నాయకుడికి వేసి, పార్లమెంటు ఓటు తమకు నచ్చిన చిన్న పార్టీకి వేశారు. పెద్ద పార్టీలు ఇంకా చిక్కిపోయాయి. మూడు ఎన్నికలకే ఆ పద్ధతిని ఎత్తేశారు.

ఇక శ్రీలంక. మీరు దాన్ని ఆదర్శంగా చెప్పారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1978లో జయవర్ధనే తెచ్చిన రాజ్యాంగం అధ్యక్షుడికి అపారమైన అధికారాలిచ్చింది. అప్పటినుంచి ఆ దేశం వాటిని కోయడం, మళ్లీ అతికించడంలోనే ఉంది. 2001లో 17వ సవరణ కొంత తగ్గించింది. 2010లో 18వది పెంచింది. 2015లో 19వది మళ్లీ తగ్గించింది. 2020లో 20వది తిరిగి పెంచింది. 2022లో 21వది ఇంకోసారి తగ్గించింది. రాజ్యాంగాన్ని ఆ పూట గెలిచినవాడి కొలతకు కుట్టిన చొక్కాలా మార్చుకుంటూ పోయారు.

2018 అక్టోబరు 26న అధ్యక్షుడు సిరిసేన ప్రధాని రణిల్ విక్రమసింఘేను తీసేసి మహింద రాజపక్సను కూర్చోబెట్టారు. బలం చాలకపోయేసరికి నవంబరు 9న పార్లమెంటునే రద్దు చేశారు. 19వ సవరణ ఉండబట్టి సరిపోయింది. నాలుగున్నరేళ్లు పూర్తికాకుండా, పార్లమెంటే మూడింట రెండొంతుల ఓటుతో అడిగితే తప్ప రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి లేదని డిసెంబరు 13న ఏడుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. రణిల్ మళ్లీ ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాది గోటబయ రాజపక్స 69 లక్షల ఓట్లతో గెలిచారు, 20వ సవరణతో ఆ కట్టడి సడలించుకున్నారు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించారు. రైతుల్నీ, వ్యవసాయ శాస్త్రవేత్తల్నీ పిలిపించి ఒక పార్లమెంటరీ కమిటీ నెల రోజులు విచారించి ఉంటే ఆ నిర్ణయం అలా బయటికి వచ్చేదా? ఏడాది తిరక్కుండా వెనక్కి తీసుకున్నారు, అప్పటికే పంట పోయింది. అప్పులు, డాలర్ల కొరత దానికి తోడయ్యాయి. 2022 జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు, ఆయన దేశం విడిచి వెళ్లి రాజీనామా పంపారు. అయిదేళ్లు ఎవరూ కదపలేరనుకున్న పదవి మూడేళ్లు కూడా నిలవలేదు. ఆ తర్వాత కొత్త అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నదెవరు? పార్లమెంటు సభ్యులు. 134 ఓట్లతో రణిల్‌ను ఎన్నుకున్నారు, అంతకుముందు ఎన్నికల్లో ఆయన పార్టీకి దక్కింది ఒకే ఒక్క సీటు.

బలమైన అధ్యక్షుడు ఉన్నచోట దేశాన్ని కాపాడేది కూడా సభే అనడానికి దక్షిణ కొరియా చూడండి. 2024 డిసెంబరు 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సైనిక పాలన ప్రకటించారు. సైనికులు పార్లమెంటు భవనం కిటికీలు పగలగొట్టి లోపలికి దిగుతుంటే, సభ్యులు గోడలు దూకి లోపలికి వెళ్లారు. స్పీకర్ కూడా కంచె ఎక్కి దూకారు, ఆయన వయసు అరవై దాటింది. అర్ధరాత్రి దాటాక 190 మంది కూడి, 190 మందీ రద్దు తీర్మానానికి ఓటేశారు. తెల్లారేసరికి సైనిక పాలన పోయింది. ఆ వీడియోలు చూస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి. మన సభ్యుల్ని బస్సుల్లో ఎక్కించి సభకు దూరంగా తీసుకెళ్లడం చూసిన ఊరు మనది.

పొరుగున పాకిస్థాన్‌లో సైనిక పాలకుడు జియా 1985లో ఎనిమిదో సవరణతో అధ్యక్షుడికి జాతీయ అసెంబ్లీని రద్దు చేసే అధికారం తెచ్చుకున్నారు. 1988, 1990, 1993, 1996లో ఆయనా, తర్వాతి అధ్యక్షులూ దాన్ని నాలుగుసార్లు వాడారు. ఆ ఎనిమిదేళ్లలో ఏ ప్రభుత్వమూ పూర్తికాలం బతకలేదు. స్థిరత్వం కోసం ఇచ్చిన అధికారం అస్థిరత్వమే తెచ్చింది.

అమెరికా గురించి ఒక మాట. అక్కడ కూడా నేరుగా ఎన్నిక కాదు, ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులు అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ ఉంటుంది. అధ్యక్షుడు వీటో చేసిన బిల్లును ఉభయసభలూ మూడింట రెండొంతుల ఓట్లతో మళ్లీ చట్టం చేయవచ్చు. సభకూ అధ్యక్షుడికీ బడ్జెట్ మీద పొత్తు కుదరకపోతే ప్రభుత్వ ఆఫీసులు మూతపడతాయి. 2018 డిసెంబరులో మొదలై 35 రోజులు అలా మూసి ఉంచారు. మన దగ్గర ద్రవ్య బిల్లు ఓడిపోతే ప్రభుత్వమే పోతుంది, కొత్తది వస్తుంది. ఆఫీసులు తెరిచే ఉంటాయి. 1948 నవంబరు 4న ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేద్కర్ ఈ తేడానే వివరించారు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, మన పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ అని, తాము జవాబుదారీతనం వైపు మొగ్గామని చెప్పారు. ప్రశ్నలు, తీర్మానాలు, చర్చల రూపంలో ప్రభుత్వానికి పరీక్ష ఏ రోజుకారోజు జరుగుతుందన్నది ఆయన వాదన.

రాజ్యాంగాన్ని మార్చవచ్చా అన్న దానికి సూటి జవాబు: కాగితం మీద దారి ఉంది, నడవడం దాదాపు అసాధ్యం. రాష్ట్రపతి ఎన్నిక గురించి చెప్పే 54, 55 అధికరణలు మార్చాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. తమ అధికారం తగ్గించే సవరణకు అన్ని శాసనసభలు చేయెత్తుతాయనుకోను. ఒప్పుకున్నా, 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 7-6తో చెప్పిన మౌలిక స్వరూపం పరీక్ష ఉంటుంది, అంటే రాజ్యాంగం మూల లక్షణాల్ని సవరణతో కూడా చెరపకూడదు. పార్లమెంటరీ పద్ధతిని పూర్తిగా తీసేసే సవరణ ఆ పరీక్షలో నిలుస్తుందని నేను నమ్మను.

మరి ఏం చేయాలి? నేను ఉండే అపార్ట్‌మెంట్ సంగతి చెబుతాను, మీకు వెంటనే తెలుస్తుంది. 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి బెంగళూరంతా ట్యాంకర్ల వెంట పడ్డప్పుడు, మా అసోసియేషన్ ప్రెసిడెంట్ ఒక ట్యాంకర్ల కాంట్రాక్టు మీద తానే సంతకం పెట్టి, కార్పస్ ఫండ్ నుంచి డబ్బు కట్టేశారు. మంచి మనిషే, పిల్లలున్న ఇళ్లలో నీళ్లు లేవన్న ఆదుర్దాతో చేశారు. అప్పటికి జనరల్ బాడీ జరిగి పద్నాలుగు నెలలైంది. రేటు ఎక్కువని తెలిశాక వాట్సాప్‌లో నానా మాటలూ అన్నారు, ఆయన భార్య లిఫ్టులో ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. ప్రెసిడెంట్‌ను మార్చాలని కొందరు, ఆయనకే పూర్తి అధికారాలు ఇవ్వాలని కొందరు. చివరికి మేం చేసింది ఒక్కటే. రెండు నెలలకోసారి జనరల్ బాడీ పెట్టి తీరాలని బైలా మార్చాం. ప్రెసిడెంట్ ఆయనే, ఫండ్ అదే. తర్వాతి కాంట్రాక్టుకు మూడు కొటేషన్లు బల్ల మీదకు వచ్చాయి.

దేశానికి కూడా నా మొదటి కోరిక అదే. మొదటి లోక్‌సభ అయిదేళ్లలో 677 రోజులు కూర్చుంది. 2019 నుంచి 2024 దాకా ఉన్న 17వ లోక్‌సభ 274 రోజులు. ఏడాదికి 55 రోజులు కూర్చునే సభ ఎవరిని నిలదీస్తుంది? మిగతా 310 రోజులు ప్రభుత్వానిదే రాజ్యం, కావలసినప్పుడు ఆర్డినెన్సు, అంటే సభ లేనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం. బీహార్‌లో 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు తెచ్చి, సభకు చూపకుండా వాటినే మళ్లీ మళ్లీ జారీ చేస్తూ వచ్చారు. 1986లో వాధ్వా కేసులో సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగానికి మోసమన్నది. మన బెంగళూరు వాసి జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య నాయకత్వంలోని రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లోనే చెప్పింది, లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు, రాజ్యసభ 100 రోజులు కూర్చోవాలని. ఇరవై ఏళ్లు దాటినా ఆ సిఫార్సు అలాగే పడి ఉంది.

రెండోది విప్. ప్రభుత్వ మనుగడ తేల్చే ఓటు, బడ్జెట్ ఓటు, ఈ రెంటికే విప్ కట్టడి ఉంచి, మిగతా బిల్లుల మీద సభ్యుణ్ణి తన బుద్ధి ప్రకారం ఓటేయనివ్వాలి. స్థిరత్వమే మీ బాధ అయితే జర్మనీ రాజ్యాంగం 67వ అధికరణ చూడండి. అక్కడ ఛాన్సలర్‌ను దించాలంటే తర్వాత ఎవరో అదే ఓటుతో ఎన్నుకోవాలి. 1972లో ఒకసారి ప్రయత్నించి రెండు ఓట్ల తేడాతో ఓడిపోయారు, 1982లో ఒకసారి గెలిచారు. అంతే. కూల్చడానికి ఏకమైనవాళ్లు నడపడానికి కూడా ఏకం కావాలి కాబట్టి ఉబలాటానికి ఎవరూ దిగరు.

మూడోది బిల్లుల మీద సంతకం. రాజ్యాంగం 111, 200, 201 అధికరణల్లో రాష్ట్రపతికీ గవర్నర్‌కూ గడువు లేదు. 1986 నాటి తపాలా బిల్లును జైల్ సింగ్ సంతకమూ పెట్టకుండా, వెనక్కీ పంపకుండా ఉంచేశారు. ఉత్తరాలు విప్పి చూసే అధికారం ప్రభుత్వానికిచ్చే బిల్లు అది కాబట్టి అప్పుడు జనం సంతోషించారు. అదే మౌనం మంచి బిల్లుల మీద కూడా పనిచేస్తుంది. తమిళనాడు అసెంబ్లీ చేసిన పది బిల్లులు ఇలాగే ఆగిపోతే, 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టి, ఆ పదీ ఆమోదం పొందినట్టే అన్నది. రాష్ట్రపతి 14 ప్రశ్నలతో కోర్టు అభిప్రాయం కోరారు. నవంబరు 20న అయిదుగురి రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగంలో లేని గడువును కోర్టు పెట్టలేదని, ఆమోదం పొందినట్టే అనుకోవడం కుదరదని చెప్పింది. కారణం చెప్పకుండా అంతులేకుండా ఆపితే మాత్రం ఏదో ఒకటి తేల్చమని ఆదేశించవచ్చన్నది. నాకు ఆ అభిప్రాయం మొదట నిరాశ కలిగించింది. రెండోసారి చదివాక, కోర్టు చెప్పింది నిజమే అనిపించింది. గడువు కావాలంటే రాజ్యాంగంలో రాయాలి, రాయాల్సింది పార్లమెంటు. "ఇన్ని నెలల్లోగా" అన్న రెండు మాటలు ఆ మూడు అధికరణల్లో చేరిస్తే చాలు. ఇది నిజంగా చేయగలిగిన సంస్కరణ.

ఇక సంతకం విషయం. ఆ పిటిషన్ మీద నేనైతే పెట్టను. మీరు దాన్ని నడుపుతున్నవాళ్లతో మాట్లాడి, అధ్యక్ష తరహా అన్న మాట తీసేసి ఏడాదికి 120 రోజుల సభ, విప్‌కు హద్దు, బిల్లులకు గడువు అని మార్పించగలిగితే నాకు పంపండి. పెడతాను. మా అపార్ట్‌మెంట్‌లో కూడా పెట్టిస్తాను, ఎల్లుండి ఆదివారం మాకు జనరల్ బాడీ ఉంది.